నికో పోయాడు సరే, మావ్స్‌కి కొత్త జీఎంగా ఎలాంటి మనిషి కావాలి?

ఫ్రిస్కో కుర్రాడు:

మొత్తానికి మన ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ టీమ్ డాలస్ మావెరిక్స్ (మావ్స్) వాళ్లు జనరల్ మేనేజర్ (జీఎం, ఆటగాళ్లని తెచ్చీ పంపీ టీమ్ కట్టేవాడు) నికో హారిసన్‌ని ఇంటికి పంపారు. 2025 నవంబర్ 11న, టీమ్ మూడు గెలిచి ఎనిమిది ఓడాక. మన పెద్ద స్టార్ లూకా డోంచిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేసిన ఫిబ్రవరి నుంచీ ఇక్కడ డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలో ఉన్న మనవాళ్లు కూడా దీనికోసమే ఎదురుచూశారు. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపు నిండా లడ్డూల ఫొటోలే. అరీనాలో అయితే మరీ ఘోరంగా ఉండేది, మన ప్లేయరే ఫ్రీ త్రో వేస్తున్నా 'ఫైర్ నికో' అని అరుపులు ఆగేవి కావు. లైన్ దగ్గర బంతి పట్టుకుని నిలబడ్డ కుర్రాడిని చూస్తే జాలేసేది, వాడేం చేశాడు పాపం.

సరే, అసలు విషయానికొస్తా. ఈ 2025 నవంబర్లో మైకేల్ ఫిన్లీ, మాట్ రికార్డీ ఇద్దరూ కలిసి తాత్కాలికంగా చూసుకుంటున్నారు. పర్మనెంట్‌గా ఎవరిని తేవాలి? మా గ్రూపులో పూటకో పేరు. ఒకడు టొరంటో టీమ్‌ని నడిపిన మసాయ్ ఉజిరి అంటాడు, ఇంకొకడు వారియర్స్ పాత జీఎం బాబ్ మయర్స్ అంటాడు, ఒక పెద్దాయన మన పాత స్టార్ ప్లేయర్ డర్క్‌ని కూర్చోబెట్టేయండి అంటాడు (డర్క్ అంటే నాకూ ప్రాణమే, కానీ జీతాల లెక్కలు చూడమని ఆయన్ని ఇబ్బంది పెట్టడం దేనికి).

నా మటుకు నాకు పేరున్న మనిషి అక్కర్లేదు. ఏదైనా బాగా నడిచే టీమ్‌లో నంబర్ టూగా ఏళ్లతరబడి డ్రాఫ్టూ (ఏటా కొత్త కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం, ఎక్కువ ఓడినవాళ్లకి ముందు వంతు దొరికే అవకాశం ఎక్కువ), కాంట్రాక్టులూ చూసినవాడు చాలు. నికో 2021లో నైకీ నుంచి నేరుగా జీఎం కుర్చీలోకి వచ్చాడు. ఆయన బలమంతా పరిచయాలే. చివరికి ఆ పరిచయాలే కొంప ముంచాయి. కోబీ బ్రయంట్ రోజుల నుంచి తెలిసిన లేకర్స్ జీఎం రాబ్ పెలింకాతో కాఫీ తాగుతూ మాట మొదలుపెట్టి, లీగ్‌లో మిగతావాళ్లకి లూకా అమ్మకానికున్నాడని చెప్పకుండానే ముగించేశాడు. పాతికేళ్ల లూకాకి బదులు మనకొచ్చింది ఆంథనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 ఫస్ట్ రౌండ్ పిక్ (డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వంతు) ఒక్కటి. పది టీమ్‌లకి ఫోన్ చేసుంటే ఏం వచ్చేదో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. డిఫెన్స్ బాగుపడాలని చేశాడట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మీరేమంటారు?

క్యాప్ పంతులు:

ఎవరు అనేముందు, వచ్చేవాడి చేతిలో ఏముందో చూడండి. 2026లో మన ఫస్ట్ రౌండ్ పిక్ మనదే. ఆ తర్వాత 2027ది షార్లెట్‌కి పోతుంది, మొదటి రెండు స్థానాల్లో పడితే తప్ప. 2028లో తమ పిక్‌తో మనది మార్చుకునే హక్కు ఓక్లహోమా వాళ్ల దగ్గరుంది. 2029ది హ్యూస్టన్‌కి, 2030లో మార్చుకునే హక్కు శాన్ ఆంటోనియోకి. అంటే ఈ సీజన్ దాటితే నాలుగేళ్లపాటు ఎంత చెత్తగా ఓడినా ఆ ఓటమి ఫలం పక్కింటివాళ్లు తింటారు. ఓడి, మంచి పిక్ తెచ్చుకుని, మళ్లీ కట్టుకుందాం అనే దారి మనకి ఈ ఒక్క ఏడాదే తెరిచి ఉంది. లేకర్స్ ఇచ్చిన 2029 పిక్ ఒకటుంది కదా అంటారు, అప్పటికి లూకాకి ముప్పై ఏళ్లు, వాళ్లు గెలుస్తూనే ఉంటారు, అది ఎక్కడో అడుగున పడుతుంది.

రెండోది సెకండ్ ఏప్రన్, అంటే టీమ్ మొత్తం జీతాలకి లీగ్ గీసిన పై గీత. ఈ 2025-26 సీజన్లో ఆ గీత దాదాపు 20.78 కోట్ల డాలర్ల దగ్గరుంది, మనం దాని అంచునే వేలాడుతున్నాం. దాటిన టీమ్ ఇద్దరు ప్లేయర్ల జీతాలు కలిపి ఒక పెద్ద ప్లేయర్‌ని తెచ్చుకోలేదు, మిడ్-లెవెల్ అనే జీతాల మినహాయింపు కింద బయటివాడిని సంతకం చేయించుకోలేదు. లీగ్‌కీ ప్లేయర్లకీ మధ్య 2023 ఒప్పందం వచ్చాక ఇదంతా మారిపోయింది. పదేళ్ల కిందట జీఎం అంటే ఏజెంట్లతో డిన్నర్లు చేసేవాడు, ఇప్పుడు మూడేళ్ల తర్వాతి జీతాల పట్టిక చూసి ఇవాళ ఎవరిని వదలాలో తేల్చేవాడు. డేవిస్ ఒక్కడి జీతమే ఈ సీజన్‌కి 5 కోట్ల 41 లక్షల డాలర్లు, అదీ కాలి పిక్క పట్టేసి బెంచ్ మీద కూర్చున్నందుకు.

కాబట్టి నేను ఫ్రిస్కో తమ్ముడి పక్షమే. ఓక్లహోమా టీమ్‌ని కట్టిన శామ్ ప్రెస్టీని చూడండి. శాన్ ఆంటోనియో స్పర్స్‌లో ఇంటర్న్‌గా చేరి, వీడియోలు కత్తిరించే పని నుంచి పైకొచ్చాడు. 2007లో సియాటిల్ వాళ్లు (ఆ టీమే తర్వాత ఓక్లహోమాకి మారింది) ఆయన్ని జీఎం చేసేటప్పటికి వయసు ఇరవై తొమ్మిది. బయటివాళ్లకి పేరు కూడా తెలియదు. 2019లో పాల్ జార్జ్ తనంతట తాను వెళ్లిపోతానంటే క్లిప్పర్స్ నుంచి షే గిల్జస్-అలెగ్జాండర్‌నీ, ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లనీ, రెండు స్వాప్‌లనీ (పిక్ మార్చుకునే హక్కులు) పిండుకున్నాడు. అందులో ఒక పిక్కే జేలెన్ విలియమ్స్. 2025లో కప్పు కొట్టారు. పాల్ జార్జ్‌కి అంత వచ్చింది, లూకాకి ఒక్క పిక్ వచ్చింది, ఇంతకంటే నేను చెప్పేదేం లేదు.

బే ఏరియా రావు:

పంతులు గారూ, లెక్కలు బాగున్నాయి కానీ 'లోపల పెరిగినవాడే కావాలి' అనే సూత్రం మాత్రం నేనొప్పుకోను. మా వారియర్స్‌లో బాబ్ మయర్స్ అంతకుముందు ప్లేయర్ల ఏజెంటు. 2011లో అసిస్టెంట్ జీఎంగా వచ్చాడు, ఏడాదికే జీఎం అయ్యాడు, వెళ్లేలోపు నాలుగు కప్పులు. అక్కడ న్యూయార్క్‌లో లియాన్ రోజ్ కూడా ఏజెంటే, 2020లో వచ్చి నిక్స్‌ని మనుషుల్లో కలిపాడు. మీ నుంచి 2022లో ఊరికే జారిపోయిన జేలెన్ బ్రన్సన్‌ని పట్టుకుంది కూడా ఆయనే, గుర్తుచేస్తే బాధపడకండి.

తేడా ఎక్కడంటే ఆ గదిలో ఇంకెవరున్నారు అన్నదాంట్లో. 2014 వేసవిలో మా ప్లేయర్ క్లే థామ్సన్‌ని మిన్నెసోటాకి ఇచ్చి కెవిన్ లవ్‌ని తెచ్చుకోవాలని మావాళ్లు చాలా దూరం వెళ్లారు. అప్పట్లో లవ్ అంటే పెద్ద స్టార్, టీవీలో అందరూ ఇంకా ఆలోచిస్తారేంటి అన్నవాళ్లే. సలహాదారుగా ఉన్న జెర్రీ వెస్ట్ గట్టిగా అడ్డం పడ్డాడు. మా స్టార్ కర్రీ పక్కన క్లే ఉండాల్సిందేనని కూర్చున్నాడు. ట్రేడ్ ఆగింది, మరుసటి ఏడాదే కప్పు. మయర్స్ గొప్పతనం ఏంటంటే తనకంటే పెద్ద నోరున్నవాడిని గదిలో ఉండనిచ్చాడు.

మీ దగ్గర లూకా సంగతి కోచ్ జేసన్ కిడ్‌కే ఆఖరి నిమిషంలో తెలిసింది. ఫిన్లీ మీద, స్కౌట్ల మీద నమ్మకం ఉండి ఒక్క వారం ముందు అడిగుంటే ఎవరో ఒకరు 'ఏంటి సార్ ఇది' అనేవారు కాదా? కాబట్టి ఇంటర్వ్యూకి వచ్చినవాడిని అడగాల్సింది ఇదీ... నువ్వు చేసిన మంచి ట్రేడ్ ఏది అని కాదు, నువ్వు చేద్దామనుకుంటే నీ కిందివాళ్లు ఆపిన ట్రేడ్ ఏది, వాళ్లు ఇప్పుడెక్కడున్నారు? జవాబు లేకపోతే టీ ఇచ్చి పంపేయడమే.

శాక్రమెంటో మామ:

మీరందరూ జీఎం గురించి మాట్లాడుతున్నారు, నేను కింగ్స్ అభిమానిని కాబట్టి ఓనర్ గురించి మాట్లాడతా. మాకు ఆ సబ్జెక్టులో పీహెచ్‌డీ ఉంది.

వివేక్ రణదివె మన దేశంవాడే, ముంబై నుంచి వచ్చి టెక్నాలజీలో సంపాదించి 2013లో టీమ్ కొన్నాడు. మన ఇండియన్లంతా ఎంత మురిసిపోయామో. ఆయన చేసిన మొదటి పని జీఎం లేకుండానే కోచ్‌గా మైకేల్ మలోన్‌ని పెట్టడం. జీఎం తర్వాత వచ్చాడు, అంటే తాను ఎంచుకోని కోచ్‌తో కాపురం. 2014 డిసెంబర్లో, ముఖ్యమైన ప్లేయర్ కజిన్స్ జబ్బుపడి ఉన్న సమయంలో మలోన్‌ని పీకేశారు. ఆయన డెన్వర్ వెళ్లి 2023లో కప్పు కొట్టాడు. తర్వాత మాజీ ప్లేయర్ వ్లాడె దివాచ్‌కి పగ్గాలిచ్చారు, జనానికి ఆయనంటే ఇష్టమని. 2018 డ్రాఫ్ట్‌లో రెండో పిక్ మాది. లూకా ఇంకా మిగిలే ఉన్నాడు. యూరప్‌లో పుట్టి పెరిగిన దివాచే లూకాని వదిలి మార్విన్ బ్యాగ్లీని తీసుకున్నాడు. మీరు లూకాని ఆరున్నరేళ్లన్నా చూసుకున్నారు, మాకు ఆ భాగ్యం కూడా లేదు.

పోనీ పద్ధతిగా చేద్దామని హ్యూస్టన్‌లో జీఎం డారిల్ మోరీ దగ్గర పనిచేసిన మాంటీ మెక్‌నెయిర్‌ని 2020లో జీఎంగా తెచ్చారు, అచ్చం మీరు కోరుకుంటున్న రకం మనిషి. పదహారు సీజన్ల తర్వాత మమ్మల్ని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లి 2023లో ఉత్తమ ఎగ్జిక్యూటివ్ అవార్డు కూడా తీసుకున్నాడు. అయినా 2025 ఏప్రిల్లో ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్‌లో చోటు కోసం ఆడే మ్యాచ్) మీ చేతుల్లో ఓడిన రాత్రే సాగనంపారు. ఇందులో దోషం ఎవరిది అనుకుంటారు?

మీ దగ్గరా అంతే. పాత ఓనర్ మార్క్ క్యూబన్ 2023 చివర్లో టీమ్‌లో పెద్ద వాటా అమ్మేశాడు. ఇప్పుడు నిర్ణయాలు అది కొన్న మిరియం ఏడెల్సన్ గారి అల్లుడు ప్యాట్రిక్ డుమాంట్ చేతిలో ఉన్నాయి. లూకా ట్రేడ్‌కి సరే అన్నదీ ఈ అల్లుడుగారే. క్యాసినో వ్యాపారంలో ఎంత దిట్టయినా బాస్కెట్‌బాల్‌లో కొత్త. జీఎం తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇంకో ఇద్దరిని అడగాలని ఆయనకి ఇప్పుడైనా అనిపిస్తుందో లేదో! అందుకే నేనైతే జీఎం కంటే పైన ప్రెసిడెంట్‌గా ఒక పెద్దమనిషిని పెట్టి, ఓనర్‌కి నచ్చజెప్పే పని ఆయనకి అప్పగించమంటా.

పొద్దున7గంటలు:

హైదరాబాద్ నుంచి. మావ్స్ హోమ్ మ్యాచ్ చూడాలంటే మాకు ఈ సీజన్లో పొద్దున్నే ఏడింటికి, ఒక చేత్తో బ్రష్ ఇంకో చేత్తో ఫోన్.

మామగారు చెప్పిన పెద్దమనిషి పేరు నేను చెప్తా, మసాయ్ ఉజిరి. ఆయన 2025 జూన్‌లోనే టొరంటో వదిలేశాడు, ఖాళీగా ఉన్నాడు. ఒక్క విషయం ఎవరూ అనట్లేదు, ఆయన కూడా ఊరంతా ప్రేమించే ప్లేయర్‌ని అమ్మేసినవాడే. 2018లో డెమార్ డిరోజన్ అంటే టొరంటోకి లూకా లాంటివాడే. ఆయన్ని శాన్ ఆంటోనియో పంపి, ఏడాదిలో కాంట్రాక్ట్ అయిపోయే క్వాయ్ లెనార్డ్‌ని తెచ్చాడు. దానికి కొద్దివారాల ముందే కోచ్ డ్వేన్ కేసీని తీసేశాడు, ఆ కేసీకే ఆ ఏడాది బెస్ట్ కోచ్ అవార్డొచ్చింది. జనం తిట్టారు. 2019లో కప్పొచ్చింది. అంటే స్టార్‌ని అమ్మడం తప్పని కాదు, డిరోజన్‌ని ఇచ్చి అంతకంటే మెరుగైన ఆటగాడిని తెచ్చాడు. మనవాడు మెరుగైనవాడిని ఇచ్చి వయసైపోతున్నవాడిని తెచ్చాడు.

ఇంకోటి, నికోని మరీ రాక్షసుడిని చేయకండి. కైరీని తెచ్చింది, లైవ్లీని డ్రాఫ్ట్ చేసింది, గాఫర్డ్‌నీ పీజే వాషింగ్టన్‌నీ తెచ్చి 2024లో ఫైనల్స్‌కి చేర్చింది ఆయనే. లూకా ట్రేడ్ తర్వాత నెలకే కైరీ మోకాలు పోవడం ఆయన చేతిలో లేదు. అలాగే 1.8 శాతం ఛాన్స్‌తో డ్రాఫ్ట్ మొదటి వంతు తేల్చే లాటరీ తగిలి కుర్రాడు కూపర్ ఫ్లాగ్ రావడం కూడా ఆయన ప్రతాపం కాదు, అది వేరే సంగతి.

ఫ్రిస్కో కుర్రాడు:

మామగారి మాట గట్టిగా తగిలింది, ఓనర్ సంగతి నేను ప్రశ్నలో రాయనేలేదు. కానీ ఉజిరి వస్తే మొత్తం అధికారం ఆయనకే ఇవ్వాలి కదా, మళ్లీ ఒక్కడి చేతిలో అన్నీ పెట్టినట్టు కాదా? నికోతో అయిందదే. ఫ్లాగ్‌కి ఇంకా పద్దెనిమిదేళ్లు, వాడిచేత పాయింట్ గార్డ్ (ఆట నడిపించే స్థానం) ఆడించారు. వాడి చుట్టూ ఐదేళ్ల ప్లాన్ వేసే ఓపిక ఉన్నవాడు కావాలి. ఉజిరికి ఆ ఓపిక ఉందంటారా?

క్యాప్ పంతులు:

ఉంది. సియాకమ్, వాన్‌వ్లీట్ లాంటివాళ్లని కింది నుంచి పెంచిన టీమ్ ఆయన టొరంటో. అసలు ఇబ్బంది టైమింగ్. సీజన్ నడుస్తుండగా మంచి టీమ్‌ల అసిస్టెంట్ జీఎంలు కాంట్రాక్టుల్లో ఉంటారు, వాళ్ల యజమానులు వదలరు. ఇప్పుడే వెతికితే ఖాళీగా ఉన్నవాళ్లే దొరుకుతారు, ఏప్రిల్ దాకా ఆగితే నీకు నచ్చే 'నంబర్ టూ'లు దొరుకుతారు. కానీ 2026 ఫిబ్రవరి 5 ట్రేడ్ గడువు ఈలోపే వస్తుంది. డేవిస్‌ని అమ్మాలా వద్దా అన్నది తాత్కాలికంగా కూర్చున్న ఇద్దరు తేల్చాలి, కొత్తగా వచ్చేవాడు ఆ ఫలితంతో బతకాలి.

నా ఓటు అమ్మేయమనే. కోలుకుని ఓ పదిహేను మ్యాచ్‌లు బాగా ఆడితే జనవరిలోనే.

బే ఏరియా రావు:

పదిహేను మ్యాచ్‌లు వరసగా? డేవిస్? పంతులు గారూ, మీరు లెక్కల మనిషి అనుకున్నానే.