సమస్యాపూరణం: తప్పు లేని చోట తప్పు దొరకె

పృచ్ఛకులు, అనంతపురం:
ఇచ్చిన పాదం ఆటవెలది నాలుగోది. ఐదూ సూర్యగణాలే, యతి త–త. వస్తువు: ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చేవాళ్లు రాసే ఇఫ్ (అయితే), ఎల్స్ (కాకపోతే) షరతులు. ప్రోగ్రాం ఏ ఎర్రరూ చూపకుండా నడవాలి, జవాబు మాత్రం తప్పు రావాలి. ఎందుకు తప్పిందో పద్యంలోనే తెలియాలి. ‘పొరపాటు జరిగె’ అని ఊరుకుంటే పూరణ కాదు.

ప్రొద్దుటూరు సభ్యులు:

సరియె యనుచు నడుగ సమమొకటే పెట్ట
విలువ నింపునయ్య వెదుక బోక
సున్న గానిదెల్ల సూటిగా నిజమాయె
తప్పు లేని చోట తప్పు దొరకె

పృచ్ఛకులు: మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. సీ భాషలో ‘ఇఫ్ (ఏ = 5)’ అని రాస్తే పోలిక జరగదు. ఏ అనే చలరాశిలోకి 5 వెళ్తుంది, 5 సున్న కాదు కాబట్టి షరతు ఎప్పుడూ నిజమే. అదే 0 రాసి ఉంటే ఎప్పుడూ అబద్ధం. పైగా ఏ లోని పాత విలువ పోతుంది కాబట్టి కింది వరుసల లెక్కలూ చెడతాయి. రాయాల్సింది ==.

ఆదోని సభ్యులు: సామీ, ఒక మాట. ఇది సీ, సీ ప్లస్ ప్లస్ వంటి భాషలకే చెల్లుతుంది. పైథాన్‌లో ఇఫ్ పక్కన ఒంటి = పెడితే నడవకముందే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. జావాలో పూర్ణసంఖ్యను షరతుగా ఒప్పుకోదు. అక్కడ ‘తప్పు లేని చోట’ అనడం కుదరదు. భాష పేరు పద్యంలో ఇమడకపోతే కింద ఒక వరుసలో చెప్పండి. జీసీసీ అనే కంపైలర్ (ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చేది) వాడేవాళ్లు -డబ్ల్యూఆల్ అనే ఆప్షన్ పెట్టి కంపైల్ చేస్తే ఈ ఒంటి = మీద వార్నింగ్ వస్తుంది.

కర్నూలు సభ్యులు:

నలుబదైదు ముందు నలుబదే డాపైన
వ్రాయ మొదటి దాని వద్దె యాగు
తీవ్రమైన దానిఁ దెలుపదే యెన్నడు
తప్పు లేని చోట తప్పు దొరకె

పృచ్ఛకులు: కర్నూలు ఎండకు తగిన పూరణ. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరితే వడగాలి, 47కు చేరితే తీవ్ర వడగాలి అని వాతావరణ శాఖ లెక్క. ఇఫ్‌లో >= 45, ఎలిఫ్‌లో (పైథాన్‌లో ఎల్స్ ఇఫ్‌కు కుదింపు) >= 47 పెడితే 48 డిగ్రీలకు కూడా ‘వడగాలి’ అనే వస్తుంది. మొదటి షరతు నిజం కాగానే మిగతావాటిని చూడనే చూడదు. 47ను పైకి తేవాలి. ఎలిఫ్ తీసేసి రెండూ విడి ఇఫ్‌లుగా రాస్తే 48కి రెండు హెచ్చరికలూ పడతాయి, అదీ సరికాదు. గుర్తు < అయితే వరుస తిరగబడుతుంది: చిన్న హద్దు ముందు రావాలి. ‘వద్దె యాగు’ అన్న రెండు మాటల్లో ఎలిఫ్ నడక అంతా చెప్పారు, చాలా బాగుంది.

తాడిపత్రి సభ్యులు:

షరతు వెనుక చుక్క కామాను బెట్టిన
ఖాళి పనికె షరతు కాపు గాయు
క్రింది వరుసలన్ని గిరిదాటి నడచును
తప్పు లేని చోట తప్పు దొరకె

పృచ్ఛకులు: మొదటి పాదంలో యతి తప్పింది, ష–కా కుదరదు. ‘కడను షరతు చుక్క కామాను బెట్టిన’ అంటే క–కా సరిపోతుంది, గణాలూ చెడవు. భావం మాత్రం గట్టిది. సీ భాషలో, ఎం అంటే మార్కులు అనుకుంటే, ‘ఇఫ్ (ఎం < 35);’ అని సెమికోలన్ పడితే షరతు ఆ ఖాళీ వాక్యంతోనే ముగుస్తుంది. కింది బ్రాకెట్లలోని ‘ఫెయిల్’ 90 మార్కుల పిల్లకూ అచ్చవుతుంది.

ప్రొద్దుటూరు సభ్యులు: కింద ఎల్స్ ఉంటే ఈ పూరణ నిలవదండీ. ఆ ఎల్స్‌కు జత ఇఫ్ దొరకక కంపైలరే ఆగిపోతుంది. ఎల్స్ లేని ఇఫ్‌కే ఇది వర్తిస్తుంది.

తాడిపత్రి సభ్యులు: నిజమే. సవరించిన పాదంతో, ఎల్స్ లేని ఇఫ్‌గానే దీన్ని తీసుకోండి.

ఆదోని సభ్యులు:

ముప్పదైదు వచ్చి మునిగె నొక్కడు చూడ
హెచ్చు గుర్తు పెట్టి యెదుట సమము
విడిచినంత హద్దు వెలివేసె నాతని
తప్పు లేని చోట తప్పు దొరకె

పృచ్ఛకులు: పదో తరగతి లెక్కల్లో పాస్ మార్కు 35. >= రాయాల్సిన చోట > రాస్తే సరిగ్గా 35 వచ్చినవాడొక్కడే పాస్ కావాల్సి ఉండీ ఫెయిలవుతాడు. 20, 60, 90 ఇచ్చి చూస్తే ఈ తప్పు బయటపడదు, మూడింటికీ జవాబు సరిగానే వస్తుంది. 34, 35, 36 మూడూ ఇచ్చి చూడాలి. హె–యె యతి చెల్లింది. ‘వెలివేసె’ అన్న క్రియ హద్దు చేసే పనిని కళ్లకు కట్టింది. నాలుగింటిలో నాకు నచ్చింది ఇదే.

కర్నూలు సభ్యులు: పైథాన్‌లో ఇంకొకటి మిగిలింది, ఎవరైనా ఎత్తుకోండి. ఇన్‌పుట్‌తో తీసుకున్న 35 అక్షరాల వరుసగా వస్తుంది. దాన్ని == 35తో పోలిస్తే ఎర్రర్ రాదు, ఎప్పుడూ అబద్ధమే. >= పెడితే మాత్రం టైప్ ఎర్రర్ వచ్చి ఆగుతుంది కాబట్టి సమస్యకు పనికిరాదు. ఇంట్‌తో సంఖ్యగా మార్చి పోల్చాలన్నది మూడో పాదంలోకి వస్తే బాగుంటుంది.