ఫ్లెక్సీల పని నుంచి ఇంటరాక్షన్ డిజైన్‌కు మారొచ్చా? నల్లగొండ నుంచి అడుగుతున్నాను

నల్లగొండ_డీటీపీ:
అందరికీ నమస్తే. గడియారం సెంటర్ దగ్గర ఒక డీటీపీ షాపులో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు, ఎలక్షన్లప్పుడు కరపత్రాలు, అన్నీ చేస్తాను. పేజ్‌మేకర్, కోరల్ డ్రా, ఫొటోషాప్ వచ్చు, అను ఫాంట్లలో కండ్లు మూసుకొని టైప్ కొడతాను. ఈ ఏడాది పని బాగా తగ్గింది. పుట్టినరోజు ఫ్లెక్సీకి బొమ్మ ఇంట్లోనే ఏఐతో చేయించుకొని ఫోన్ పట్టుకొచ్చి "అన్నా, ప్రింట్ తీసివ్వు చాలు" అంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న దోస్తు యూఐ యూఎక్స్ నేర్చుకో అన్నాడు, అంటే యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు, వాటిని జనం వాడే తీరు డిజైన్ చేసే పని, దాన్నే ఇంటరాక్షన్ డిజైన్ అని కూడా అంటారట. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు మూడు నెలలకు నలభై వేలు అడిగారు, డెమో క్లాసుకు పోతే ఫిగ్మా అనే తెరలు గీసే సాఫ్ట్‌వేర్‌లో బటన్ మూలలు గుండ్రంగా ఎట్లా చేయాలో చూపించారు, అది నాకు అక్కడే వచ్చేసింది. ఇంటరాక్షన్ డిజైన్ అంటే అంతేనా? ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఇంకో పదేళ్లు ఉంటుందా, లేక దీన్ని కూడా ఏఐ తినేస్తుందా? వయసు 33, ఇద్దరు పిల్లలు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు జర చెప్పండి.

జడ్చర్ల_డిజైనర్:
తమ్ముడూ, మాది జడ్చర్ల, పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని. ఆ నలభై వేలు ఇప్పుడే కట్టకు.

నువ్వు కోరల్‌లో గీత చివర పట్టుకొని లాగుతావు కదా, ఆ పని 1963లో మొదలైంది. ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ అనే విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ రాసి, లైట్ పెన్‌తో తెర మీదనే గీతలు గీసి చూపించాడు. అప్పట్లో చాలామందికి కంప్యూటర్ అంటే చిల్లుల కార్డుల కట్ట ఇచ్చి వచ్చి జవాబు కోసం ఎదురు చూడటమే. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను, దూరంగా ఉన్న ఇద్దరు ఒకే తెర మీద కలిసి పని చేయడాన్ని నిండు సభలో చూపించాడు. తర్వాత జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్, 1984లో ఆపిల్ మాకింటోష్ కంప్యూటర్, 2007లో ఐఫోన్, ఈ కథ నీకు తెలిసే ఉంటుంది.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైంది బిల్ మాగ్రిడ్జ్ అనే డిజైనర్ సంగతి. 1980ల మొదట్లో గ్రిడ్ కంపాస్ అనే మడిచే లాప్‌టాప్‌కు రూపం ఇచ్చింది ఆయనే. దాన్ని ఇంటికి తీసుకెళ్లి వాడుతుంటే, తను అంత కష్టపడి చేసిన మూత, కీలు అన్నీ కాసేపటికే మర్చిపోయి పూర్తిగా తెర లోపలి పనిలో మునిగిపోయాడట. తను డిజైన్ చేయాల్సింది డబ్బా ఒక్కటే కాదు, లోపల మనిషికీ యంత్రానికీ మధ్య నడిచేది కూడా అని అప్పుడు అర్థమైంది. దానికి మొదట సాఫ్ట్‌ఫేస్ అన్నాడు, తర్వాత బిల్ వెర్‌ప్లాంక్ అనే ఇంకో డిజైనర్‌తో కలిసి ఇంటరాక్షన్ డిజైన్ అని పేరు పెట్టాడు. కాబట్టి బటన్ గుండ్రమా చతురస్రమా అన్నది ఆఖరున వచ్చే పని. మనిషి ఏం పని మీద వచ్చాడు, ఎక్కడ ఆగిపోయాడు, ఎందుకు వెనక్కి పోయాడు, మా పనంతా దాని చుట్టే. స్క్రీన్లు గీయడం వరకు ఏఐ చేసేస్తుంది, మా ఆఫీసులో మొదటి రఫ్ ఇప్పుడు దానితోనే తీస్తున్నాం, అది ఒక్కటే నేర్చుకొని ఉద్యోగం వెతికితే మాత్రం కష్టం.

పద్ధతిగా చదవాలంటే, డిగ్రీ ఉంటే సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎం.డెస్‌లో, అంటే డిజైన్ పీజీలో చేరొచ్చు, మన ఐఐటీ హైదరాబాద్‌లో కూడా డిజైన్ విభాగం ఉంది. పిల్లలతో రెండేళ్లు కుదరదంటే వేరే దారి మాట్లాడుకుందాం.

చిటికి_దారం:
అన్నా, మాది కొయ్యలగూడెం వైపు, చేనేత ఇల్లు. ఇంటరాక్షన్ డిజైన్ అంటే ఏమిటని ఎవరడిగినా నేను ఆసు యంత్రం గురించే చెప్తాను. మన పాత నల్లగొండ జిల్లా, ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు పోయడమంటే రంగు అద్దే ముందు దారాన్ని కొయ్యల చుట్టూ చుట్టడం. ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్ల అమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి ఆ చేతి కదలికనే గమనించి, ముక్క ముక్కగా కట్టి, 1999లో యంత్రం పూర్తి చేశారు. డిజైన్ కాలేజీ మొహం చూడని మనిషి, కానీ ఆ కాలేజీల్లో నేర్పే అసలు పాఠం అదే.

ఇంకోటి, నీకు బొమ్మ వేయడం వచ్చు కాబట్టి ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ చూడు. 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై కలిసి బొమ్మలు వేసేవాళ్లు కోడ్ రాయడానికని మొదలుపెట్టారు, ఇప్పటికీ ఉచితం. దాని చెల్లెలు పీ5 జేఎస్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. నేను అందులో గళ్లు వేసి, నొక్కితే రంగు మారేలా చేసి, చీర కొంగు డిజైన్ ఒకటి తీసి నాన్నకు చూపించాను. నాన్న చూసి, "బిడ్డా, ఈ మూల ఇంత సన్నగా చిటికి కట్టలేం, రబ్బరు కింది నుంచి రంగు పాకుతుంది" అన్నాడు. చిటికి అంటే రంగు అంటకూడని చోట దారాన్ని రబ్బరుతో ముడి వేసి కట్టడం. నాకు ఏడుపొచ్చింది, నెల రోజుల పని. తర్వాత ఒక గడి అంటే ఒక ముడి అని లెక్క పెట్టుకొని మొత్తం మళ్లీ రాశాను, ఇప్పుడు నాన్నే ఫోన్‌లో గళ్లు నొక్కి రంగులు మారుస్తాడు. మౌస్ ఎన్నడూ పట్టని మనిషి. అసలు ఆ చిల్లుల కార్డులు కూడా 1804 నాటి జకార్డ్ మగ్గం నుంచే కంప్యూటర్ల వైపు పోయాయి అన్నా, ఇది మనకు పరాయి విద్య కాదు.

అచ్చంపేట_ఆన్‌లైన్:
నేను డిజైనర్ను కాదు, అచ్చంపేటలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను, దరఖాస్తులు నింపుతాను. పై వాళ్లు చెప్పింది నేను రోజూ చూస్తున్నాను. మొన్న ఒక దరఖాస్తులో పుట్టిన తేదీ టైప్ చేయనివ్వదు, క్యాలెండర్‌లోనే వెనక్కి పోవాలి, ఒక నొక్కుకు ఒక నెల. వచ్చిన పెద్దాయనకు 72 ఏళ్లు, అంటే 864 సార్లు నొక్కాలి. మధ్యలో టైం అయిపోయి పేజీ మళ్లీ మొదటికి వచ్చింది. ఆయన నా పక్కన స్టూలు మీద కూర్చొని "నా వయసు ఎక్కువై ఇబ్బంది అయితుందా బిడ్డా" అని అడిగాడు. ఆ మాట ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

ఓటీపీది ఇంకో బాధ. ఫోన్ నంబరు కొడుకుది, కొడుకు పనికోసం ముంబైలో, సెంట్రింగ్ మీద ఉంటే ఫోన్ ఎత్తడు, ఎత్తి అంకెలు చెప్పేలోపు గడువు అయిపోతుంది. పాలమూరులో వలస పోయిన మనుషులున్న ఇల్లు ఎట్లా ఉంటుందో తెలిసినవాడు ఆ స్క్రీన్ అట్లా చేయడు. ముందు ముందు అంతా మాటతోనే నడుస్తుందని అంటున్నారు, మంచిదే, మా అమ్మ ఇప్పటికే టైప్ చేయదు, వాయిస్ మెసేజే పెడుతుంది. కానీ ఆమె మాట్లాడే తీరు ఫోన్‌కు సగమే అర్థమవుతుంది. మన యాస తెలిసినవాళ్లు ఆ పనిలో ఉండాలి.

నల్లగొండ_డీటీపీ:
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్, రాత్రి రెండుసార్లు చదివాను. నా పక్కన కూడా రోజూ ఒక స్టూలు ఉంటుంది. కస్టమర్ కూర్చొని "మా బావ ఫొటో పైకి జరుపు, పేరు పెద్దగా పెట్టు" అంటుంటే ఆయనకు నిజంగా ఏం కావాలో పట్టుకోవడమే నా పని, దాన్ని ఎప్పుడూ డిజైన్ కింద లెక్క వేయలేదు. ఒక డౌట్. చాలా యాప్‌లలో తెలుగు పెడితే బటన్ లోపల ఒత్తులు కింద తెగిపోతున్నాయి. నాకు చూడగానే తెలుస్తుంది, చేసినవాళ్లకు ఎందుకు తెలియదు?

జడ్చర్ల_డిజైనర్:
ఇంగ్లిష్ అక్షరం ఎత్తుకు డబ్బా కట్టి, అందులో తర్వాత తెలుగు పోస్తారు తమ్ముడూ. ఒత్తుకు, గుడికి చోటు ముందే వదలాలని ఆ గదిలో చెప్పేవాళ్లు ఉండరు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి, దాన్ని సరిచేయడానికే ఆపిల్ కొత్త అప్‌డేట్ వదిలింది. పదకొండేళ్లు తెలుగు అక్షరాలతో పని చేసిన కండ్లు నీవి, దీన్నే ముందు పెట్టు.

ఇక పని మొదలుపెట్టడానికి: అచ్చంపేట అన్న చెప్పిన ఆ పుట్టిన తేదీ స్క్రీన్ తీసుకో. కాగితం మీద పెన్సిల్‌తో మూడు రకాలుగా గీయి. ఐదుగురికి చూపించు, ఐదుగురితోనే చాలా తప్పులు బయటపడతాయని ఈ రంగంలో పేరున్న జాకబ్ నీల్సన్ ఎప్పుడో చెప్పాడు. వాళ్లు చేస్తున్నప్పుడు నువ్వు నోరు విప్పొద్దు, వేలు ఎక్కడ ఆగిందో రాసుకో. ఆ కాగితాలే నీ మొదటి పోర్ట్‌ఫోలియో, అంటే ఉద్యోగం అడిగేటప్పుడు చూపించే నీ పనుల కట్ట. ఫొటోలు తీసి ఇక్కడ పెట్టు, చూస్తాను.

అచ్చంపేట_ఆన్‌లైన్:
అన్నా, సోమవారం పొద్దున రా, పింఛన్ల పని మీద జనం ఎక్కువ వస్తారు. నా పక్కన ఇంకో స్టూలు వేసి పెడతాను.