ఈ వారం సమస్య (తేటగీతి చివరి పాదం ఇది, ముందు మూడు పాదాలు సభ్యులు పూరించాలి. పేర్లకు బదులు వాళ్ళ ఊర్లు): తలయె నిలిచెను మొండెము తరలిపోయె

నిర్వాహకుడు: తోతాపురి మామిడి సీజన్ కదా, మా బావమరిది మండీ లెక్కలు నా నెత్తిన పడ్డాయి. ఎక్సెల్‌లో కిందికి పోయేకొద్దీ ఏ కాలమ్ (నిలువు వరుస) తూకమో, ఏది హమాలీయో, ఏది బాడుగో తెలీక టెన్షన్. పై వరుసను ఫ్రీజ్ చేశాక (కిందికి జరిపినా కదలకుండా బిగించాక) ఈ పాదం దానంతటదే వచ్చింది. హెడ్డింగుల మీదే పూరించండి. యుద్ధాలు, నరుకుళ్ళు వద్దు.

పాకాల: ముందుగా నాది.

వేయి వరుసల పట్టీని వేలఁ జరుప
పైన శీర్షిక బిగియించి పట్టినంత
గళ్ళ కాగితమందునఁ గంటి వింత
తలయె నిలిచెను మొండెము తరలిపోయె

చంద్రగిరి: "గళ్ళ కాగితం" బాగుంది అన్నా. స్ప్రెడ్‌షీట్‌కి ఇంతకంటే తెలుగు అక్కర్లేదు.

పుత్తూరు: ధార బాగుంది, పని బాగాలేదు. ముందు జరిపి తర్వాత బిగిస్తివి చూడు, అక్కడే దెబ్బ. షీటు నలభయ్యో వరుస దగ్గర ఉన్నప్పుడు పైవరుస బిగిస్తే నిలిచేది ఆ నలభయ్యో వరుసే. హెడ్డింగు దాని పైన ఎక్కడో దాక్కుంటుంది, ఫ్రీజ్ తీసేదాకా కనబడదు. నీ పద్యంలో నిలిచింది తల కాదు అన్నా, నడుము.

పాకాల: పద్యం చదువుతున్నావా, కంప్యూటర్ కోచింగ్ ఇస్తున్నావా?

పుత్తూరు: రెండూ. ఇంకోటి, ఒక షీటులో 10,48,576 వరుసలుంటే నువ్వు వెయ్యి దగ్గర ఆగిపోతివే?

పాకాల: పద్యంలో వేయి అంటే లెక్క కాదు, అనేకం. ఎముకలు కట్టే ఊరివాళ్ళకు పద్యం విరగ్గొట్టడమే తెలుసు.

శ్రీకాళహస్తి: అయ్యా, సమస్యలోనే ఒక మాట ఉంది. "మొండెము" తర్వాత "దరలిపోయె" అనుండాలి కదా. ప్రథమా విభక్తి పదం మీద పరుషం (క చ ట త పలు) అట్లే వదిలేస్తే ఎట్లా?

నిర్వాహకుడు: గసడదవాదేశం (ఆ పరుషాలు గ స డ ద వలుగా మారడం) అక్కడ బహుళం స్వామీ. రెండూ చెల్లుతాయి. యతి (పాదం మొదటి అక్షరానికీ, నాలుగో గణమనే అక్షరాల గుంపు మొదటి అక్షరానికీ పొత్తు) ఎట్లాగూ చెడదు, త అయినా ద అయినా. మీ పూరణ ఏదీ?

శ్రీకాళహస్తి: మీరు వద్దన్నా మా ఊరి క్షేత్ర మహిమ ఊరుకోనివ్వలేదు.

అమృత పంక్తిలో దూరిన యసురు మెడను
చక్రి చక్రము తెగఁగోయఁ జటుకు మనుచు
రాహు కేతువులై మింట రహినిఁ దిరుగ
తలయె నిలిచెను మొండెము తరలిపోయె

నిర్వాహకుడు: నరుకుళ్ళు వద్దన్నానా లేదా?

శ్రీకాళహస్తి: పంక్తి అంటే వరుసే కదా స్వామీ. వరుసలో దూరినవాడి తల గురించే చెప్పాను. మీ ఎక్సెల్ నియమం దాటలేదు.

చంద్రగిరి: హ హ, అయ్యవారు గట్టివారు. పంక్తి అనే ఒక్క ముక్కతో గేటు దాటుకుని లోపలికి వచ్చేశారు.

పుత్తూరు: గేటు దాటారు సరే. మూడో పాదంలో ఇద్దరినీ తిప్పేశారే! రాహుకేతువులు ఎప్పుడూ ఒకరికొకరు ఏడో ఇంట్లో ఉండి, ఇద్దరూ వెనక్కే నడుస్తారు. మొండెం ఎంత జరిగితే తలా అంతే జరుగుతుంది. రాహుకేతు పూజ జరిగే ఊర్లో ఉండి "తల నిలిచె" అంటారా? మీ పద్యానికి మీ గుళ్ళో పూజారే ఒప్పుకోడు.

శ్రీకాళహస్తి: నిలిచె అంటే బతికింది అని అర్థం. అమృతం గొంతు దిగకముందే కోశారు కాబట్టి తల బతికి నిలిచింది.

పుత్తూరు: మరి మొండెం కేతువై బతకలేదా? ఆ మాటా మీ పద్యంలోనే ఉంది.

(ఇక్కడ అయ్యవారు ఒక నమస్కారం బొమ్మ పెట్టారు. అది ఒప్పుకోలో, ఆశీర్వాదమో ఎవరికీ తెలీలేదు.)

చిత్తూరు: నేను సెల్స్ మెర్జ్ చేసి పడ్డ పాట్లు.

నాలుగు గడుల నొకటిగా నలిపి పెట్టి
వరుస పేర్చఁగ నెక్సెల్ వలనుపడక
కసరెఁ దలలన్ని యొకరీతిఁ గావలయును
తలయె నిలిచెను మొండెము తరలిపోయె

పాకాల: రెండో పాదం, మూడో గణం. అక్కడ ఇంద్రగణమే రావాలి. "నెక్సెల్" రెండు గురువులు, అంటే గగం. ఇంద్రగణాల్లో గగం ఎప్పటినుంచి చేరింది తమ్ముడూ?

చిత్తూరు: ఇంగ్లీషు మాట అన్నా, పలికేది అట్లనే కదా.

పాకాల: "నెక్సెలు" అను, భగణం (ఒక గురువు, రెండు లఘువులు) వస్తుంది. ఉకారం తగిలిస్తే ఇంగ్లీషు మాటైనా ఒళ్ళు వంచుతుంది.

పుత్తూరు: గణాలు పట్టుకోవడంలో అన్న కన్ను డేగకన్ను. యతి దగ్గరే కాస్త మసక. పోయిన ఉగాదికి "రామ" అని ఎత్తుకుని "లావు"తో యతి వేసింది ఎవరబ్బా?

పాకాల: వచ్చింది చూడు పాత బాకీ! ర-లకు అభేదం ఉంది.

పుత్తూరు: ల-డలకు ఒప్పుకుంటా, వ-బలకు ఒప్పుకుంటా. ర-లకు అంటే నోరు తిరగని పిల్లకాయలకు మాత్రమే అభేదం.

నిర్వాహకుడు: ఉగాది పచ్చడి మళ్ళీ కలపొద్దు. చిత్తూరు పద్యంలో అసలు చిక్కు గణం కాదు. హెడ్డింగు కోసం గడులు మెర్జ్ చేశాడు, సార్ట్ చేయబోతే (వరుసలను క్రమంలో పేర్చబోతే), కలిపిన గడులన్నీ ఒకే సైజులో ఉండాలని ఎక్సెల్ మొరాయించింది. అంతవరకు నిజమే. మరి మొరాయించాక మొండెం ఎక్కడ కదిలింది? నాలుగో పాదం ముందు మూడు పాదాలతో మాట్లాడటం లేదు.

చంద్రగిరి: అసలు మెర్జ్ ఎందుకు తమ్ముడూ? నాలుగు గడుల్లోనూ ఏమన్నా రాసుంటే ఎడమ పైగడిలోది తప్ప మిగతాదంతా పోతుంది. కంట్రోల్ వన్ నొక్కి, అలైన్‌మెంట్‌లో సెంటర్ అక్రాస్ సెలెక్షన్ పెట్టు. చూడటానికి అంతే అందంగా మధ్యకు వస్తుంది, గడులు విడివిడిగానే ఉంటాయి, సార్ట్ ఆగదు. పొడుగు హెడ్డింగుకి ఆల్ట్ ఎంటర్ కొట్టి రెండు లైన్లు చెయ్యి. తెలుగులో రాస్తే వరుస ఎత్తు మాత్రం పెంచుకో, లేకుంటే కింది వత్తులు తెగిపోతాయి.

చిత్తూరు: పద్యం పెడితే ట్యూషన్ చెప్పేస్తిరి. సరే, కాసేపు ఆగండి.

పుత్తూరు: ఈలోపు నాది. అందరూ స్క్రీన్ మీదే చూస్తున్నారు, ప్రింటు తీసినవాడి కష్టం ఎవరికీ పట్టలేదు.

మొదటి పుటమీద శీర్షిక ముద్రితమయె
తక్కిన పుటలఁ దలలేక తనువె మిగిలె
సారు గద్దించె నామీదఁ జాటులేక
తలయె నిలిచెను మొండెము తరలిపోయె

చంద్రగిరి: అబ్బ! ఫ్రీజ్ చేసింది స్క్రీన్‌కే, కాగితానికి కాదు. హెడ్డింగు మొదటి పేజీలో ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం రెండు, మూడు పేజీలకు పోయింది. సమస్య అంటే ఇట్లా విప్పాలి అక్కా.

శ్రీకాళహస్తి: సారుకు జాటుతో సరసయతి (స-జల పొత్తు) కూడా ముచ్చటగా పడింది. ఒప్పుకోక తప్పదు.

పాకాల: సారు ఎందుకు గద్దించాడమ్మా? పేజ్ లేఅవుట్‌లో ప్రింట్ టైటిల్స్ అని ఒకటుంది. పైన రిపీట్ కావలసిన వరుస చూపిస్తే ప్రతి పేజీకి తల మొలుస్తుంది. మా మీద కోచింగ్ క్లాసు పెట్టే మేడమ్‌కు తెలీదా?

పుత్తూరు: తెలుసు. తెలిసి పెట్టుంటే సమస్య తీరిపోతుంది, పూరణ ఉండదు.

పాకాల: జవాబు మాత్రం పద్యం కన్నా బాగుంది. సరే, నా పాదాలు ఇట్లా చదువుకోండి.

పైన శీర్షిక బిగియించి పట్టి పిదప
వేయి వరుసల పట్టీని వేలఁ జరుప
గళ్ళ కాగితమందునఁ గంటి వింత
తలయె నిలిచెను మొండెము తరలిపోయె

పుత్తూరు: ఇప్పుడు తలే నిలిచింది. ఏ2 గడిలో నిలబడి బిగించావనే అనుకుంటా. బి2లో నిలబడి ఉంటే, పక్కకు జరిపేటప్పుడు ఎడమవైపు కాలమ్ కూడా కదలదు, మొండెం మొత్తం తరలదు.

పాకాల: అమ్మా తల్లీ, ఇంతటితో వదిలెయ్యి.

చిత్తూరు: మెర్జ్ తీసేశాను, పద్యమూ మార్చేశాను. మండీ లెక్కలు అన్నారు కాబట్టి మామిడికాయలే పెట్టాను.

తలలు గలవను గడి నొక్కి తప్పకుండ
తూకములఁ బట్టి కాయల దొంతి మార్ప
ఇంచుకైనను గదలక యేలికవలె
తలయె నిలిచెను మొండెము తరలిపోయె

చంద్రగిరి: ఓహో, సార్ట్‌లో మై డేటా హ్యాజ్ హెడర్స్ (మొదటి వరుస హెడ్డింగేనని చెప్పే గడి)! ఆ గడిలో టిక్కు లేకుంటే "తూకం" అనే మాట కూడా అంకెల్లోకి దిగి ఎక్కడో అడుగున తేలుతుంది. తల కూడా తరలిపోతుంది.

నిర్వాహకుడు: ఫ్రీజ్ ఒకరిది, ప్రింటు ఒకరిది, సార్ట్ ఒకరిది. నేను అనుకున్నది ఫ్రీజ్ ఒక్కటే. కొత్తదనం పుత్తూరుది, పట్టు చిత్తూరుది. "ఏలికవలె" అనే ఒక్క మాట కోసం ఈ వారం చిత్తూరుకే ఇస్తున్నా.

పుత్తూరు: ఇవ్వండి సార్. మూడో పాదం మొదట "ఇంచుక"కు నాలుగో గణంలో "ఏలిక". ఇ-ఏ మైత్రి నిక్కంగా కుదిరింది. పాకాల అన్నా, చూసి నేర్చుకో, యతి అంటే ఇట్లా ఉంటుంది.

పాకాల: నిర్వాహకుడు గారూ, వచ్చే వారం దయచేసి రేఫతో మొదలయ్యే పాదం ఇవ్వండి. లకారంతో యతి వేసి చూపిస్తా.

శ్రీకాళహస్తి: నా రాహువు సంగతి ఎవరూ తేల్చనే లేదు.