కాన్పుకి ఆసుపత్రి బ్యాగ్: 34వ వారం, ఇంట్లో మేమిద్దరమే

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం ఈ దేశం వచ్చి ఏడాది కూడా కాలేదు. నాకిప్పుడు 34వ వారం, మొదటి కాన్పు. అమ్మ వీసా ఇంకా రాలేదు, ఆవిడ వచ్చేలోపే బిడ్డ పుట్టేలా ఉంది. ఇక్కడున్నది నేనూ మా ఆయనే. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన బ్యాగ్ గురించి ఎక్కడ చూసినా చాంతాడంత జాబితాలు. వాటిలో నిజంగా పనికొచ్చేవి ఏవో, ఊరికే మోత ఏదో కాన్పులైన అక్కలు ఎవరైనా చెబుతారా? కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇద్దరు పిల్లల అమ్మ

చెల్లీ, 34 అంటే ఇంకా టైముంది, కంగారు పడకు. అయితే 36వ వారం వచ్చేసరికి బ్యాగ్ తలుపు దగ్గర ఉండాలి. కవలలైతే ఇంకా ముందే.

జాబితా కన్నా ముందు ఒక మాట. ఆ బ్యాగ్ అక్కడ తెరిచేది నువ్వు కాదు. నువ్వు మంచం మీద ఉంటావు, చేతికి సెలైన్ సూది ఉంటుంది, "ఆ నీలం కవర్‌లో చూడు" అని చెప్పే ఓపిక కూడా ఉండదు. తెరిచేది మీ ఆయన, ఆయన లేని సమయంలో ఎవరో ఒక నర్సు. పక్కన అమ్మ ఉంటే ఏది ఎక్కడుందో ఆవిడే చూసుకునేది. ఆవిడ లేదు కనక ఆ పని బ్యాగే చెయ్యాలి. అందుకని సర్దే పని మీ ఆయనకి అప్పజెప్పు, నువ్వు కూర్చుని చెప్పు. తను పెట్టింది తనకి దొరుకుతుంది.

రెండు బ్యాగులు చెయ్యండి. నొప్పుల సమయానికి చిన్నది, కాన్పు తర్వాతకి పెద్దది. పెద్దది కారులోనే ఉంచి తర్వాత తెచ్చుకోవచ్చు. లోపల విడివిడిగా పారదర్శకమైన జిప్ కవర్లు, వాటి మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలు, నర్సుకి కూడా అర్థమయ్యే భాషలో.

కొనడం మొదలుపెట్టే ముందు, ఈసారి చెకప్‌లో అడుగు: మీరేం ఇస్తారు, మేమేం తెచ్చుకోవాలి? ఇది దేశాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. అమెరికాలో చాలా ఆసుపత్రులు డైపర్లు, ప్యాడ్లు, వాడి పారేసే లోదుస్తులు వాళ్లే ఇస్తారు. బ్రిటన్‌లో అయితే బిడ్డ డైపర్ల నుంచి నీ ప్యాడ్ల దాకా మామూలుగా నువ్వే తీసుకెళ్లాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం జాబితా తేలిపోతుంది. రాత్రి పక్కన ఒకరు ఉండొచ్చో లేదో కూడా అప్పుడే అడిగెయ్.

ఇక కాగితాలు. నన్నడిగితే వీటికి మించింది బ్యాగ్‌లో ఏదీ లేదు. నైటీ మర్చిపోతే ఆసుపత్రి గౌనుతో గడిచిపోతుంది, నీ ఆరోగ్యం సంగతి మాత్రం అక్కడ ఎవరూ అప్పు ఇవ్వరు. ఒకే ఒక్క పేజీ రాసి పెట్టు: పూర్తి పేరు, డ్యూ డేట్, బ్లడ్ గ్రూప్, పడని మందులు, వాడుతున్న మందులు, పాత ఆపరేషన్లు, షుగరో బీపీయో థైరాయిడో ఉంటే అవి, ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నంబర్లు. రెండు కాపీలు తీసి ఒకటి మీ ఆయన పర్సులో పెట్టించు. నీది నెగటివ్ గ్రూప్ అయితే ఆ సంగతి అన్నిటికన్నా పైన ఉండాలి. బిడ్డది పాజిటివ్ అయితే, తర్వాతి కాన్పుల్లో బిడ్డకి ముప్పు రాకుండా కాన్పయిన 72 గంటల్లోపు నీకు యాంటీ-డి అనే ఇంజెక్షన్ పడాలి. వాళ్ల రికార్డులో అది ఉంటుంది, అయినా నీ కాగితం మీద కూడా ఉంటే మంచిది.

మందులు రాసేటప్పుడు కంపెనీ పెట్టిన పేరు కాకుండా అసలు మందు పేరు రాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రల బ్రాండ్ ఇక్కడి డాక్టరు ఎప్పుడూ విని ఉండకపోవచ్చు. మనం పారాసెటమాల్ అనేదే అమెరికాలో అసిటమినోఫెన్. అది తెలియక రెండూ వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. వాడుతున్న మందులు పెట్టెలతో సహా పట్టుకెళ్లు, మూలికల పొడులూ లేహ్యాలూ వాడుతుంటే వాటి సంగతీ చెప్పు.

ఇంకోటి, ఆసుపత్రి రికార్డులో నీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో ఇప్పుడే చూసుకో. మన ఇంటిపేరు ముందుకీ వెనక్కీ మారిపోతూ ఉంటుంది. తర్వాత బిడ్డ కాగితాలకి అది తలనొప్పి అవుతుంది.

చిన్న బ్యాగ్‌లోకి: ముందు తెరుచుకునే పాత నైటీ, ముదురు రంగుది, పారేసినా బాధ లేనిది. చేతులు పొట్టిగా, వదులుగా ఉండాలి, బీపీ పట్టీకీ సెలైన్ సూదికీ అడ్డు రాకుండా. జారని చెప్పులు, మేజోళ్లు. జుట్టుకి రబ్బరు బ్యాండ్లు. స్ట్రా ఉన్న నీళ్ల సీసా, పడుకునే తాగొచ్చు. లిప్ బామ్ చూసి నవ్వుకోవద్దు, గంటల తరబడి నోటితో ఊపిరి తీస్తుంటే, అందులోనూ నొప్పికి గ్యాస్ పీలుస్తుంటే, పెదాలు పగిలిపోతాయి. కాంటాక్ట్ లెన్సులు వాడితే కళ్లజోడు. ఘాటు వాసన లేని చిన్న తినుబండారాలు, కానీ అక్కడ అడిగాకే తిను. ఆపరేషన్ అవసరం పడొచ్చు అనుకుంటే తినొద్దంటారు. ఛార్జర్ కేబుల్ మాత్రం పొడవుది కొను, ప్లగ్గు ఎప్పుడూ మంచానికి దూరంగానే ఉంటుంది. సొంత దిండు కావాలంటే రంగు గలేబు వెయ్యి, తెల్లదైతే ఆసుపత్రి దిండ్లలో కలిసిపోతుంది.

పెద్ద బ్యాగ్‌లో మొదటి స్థానం ప్యాడ్లది. మామూలు నెలసరివి చాలవు, బాలింతల కోసం చేసిన పొడవైన మందపాటివి కావాలి. మామూలు కాన్పయినా ఆపరేషనయినా రక్తం పోతుంది. మొదటి రోజులు ఎక్కువ, క్రమంగా తగ్గుతూ 6 వారాల దాకా ఉండొచ్చు. ఆ రోజుల్లో ట్యాంపన్లు, నెలసరి కప్పులు అసలు వద్దు, ఇన్ఫెక్షన్ రావచ్చు. నడుము పైదాకా వచ్చే పెద్ద సైజు కాటన్ లోదుస్తులు ఎక్కువే పెట్టుకో, అందం సంగతి తర్వాత. పాలిచ్చే బ్రాలు రెండు, బ్రెస్ట్ ప్యాడ్లు, ముదురు రంగు తువ్వాలు, బ్రష్షూ సబ్బూ. కుట్లు పడితే మూత్రం పోసేటప్పుడు మంట పుడుతుంది, గోరువెచ్చని నీళ్లు పోసుకోవడానికి నొక్కితే చిమ్మే చిన్న సీసా ఒకటి ఉంటే ప్రాణం లేచొస్తుంది. ఇంటికెళ్లే రోజుకి బట్టలు 6 నెలల గర్భంలో పట్టినవి పెట్టుకో. పొట్ట ఒక్కరోజులో తగ్గదు.

బిడ్డకి చాలా తక్కువ చాలు. ఉతికిన మెత్తని బట్టలు నాలుగైదు జతలు, తలమీంచి తొడిగేవి కాకుండా ముందు బటన్లున్నవి. అన్నీ ఒకే సైజు కొనకు, పుట్టబోయే బరువు స్కాన్‌లో చెప్పింది అంచనా మాత్రమే. టోపీ, రెండు మూడు పొత్తిగుడ్డలు, దుప్పటి, చిన్న సైజు డైపర్లు ఇరవై దాకా, దూది. తొలి రోజుల్లో మలం నల్లగా జిగటగా తారులా ఉంటుంది, చూసి భయపడొద్దు, దూది నీళ్లలో ముంచి తుడిస్తే పోతుంది. మొదటి జత, టోపీ, ఒక డైపర్ కలిపి ఒకే కవర్‌లో అన్నిటికన్నా పైన పెట్టండి. బిడ్డ పుట్టగానే అడిగేది అదే.

నగలు, ఎక్కువ నగదు, ల్యాప్‌టాప్ ఇంట్లోనే.

జవాబు: మరో అక్క

అన్నీ బాగా చెప్పారు. బ్రెస్ట్ పంపు, సీసాలు, స్టెరిలైజర్ కూడా రాయండి. అవసరం ఎప్పుడు పడుతుందో తెలీదు కదా.

జవాబు: ఇద్దరు పిల్లల అమ్మ

అక్కా, అవి ఇంట్లో ఉండొచ్చు గానీ బ్యాగ్‌లోకి వద్దంటాను. మొదటి రోజు వచ్చేవి ముర్రుపాలు, చెంచాలతో కొలిచేంతే. బిడ్డ పొట్టకి అదే సరిపోతుంది. పాలు నిండుగా పడేది మామూలుగా 2 నుంచి 4 రోజుల్లో. బిడ్డని ప్రత్యేక వార్డులో ఉంచాల్సి వస్తే ఆసుపత్రి పంపునే అడగొచ్చు. డబ్బాపాలే ఇవ్వాలనుకున్నవాళ్లు మాత్రం ముందే అడగాలి, కొన్నిచోట్ల ఎవరివి వాళ్లే తెచ్చుకోమంటారు.

ప్రశ్న అడిగిన చెల్లి

అక్కా, చాలా థాంక్స్. ఇంకో రెండు. ఆపరేషన్ అయితే ఏమైనా మారుతుందా? ఇక్కడి భాష నాకు మామూలుగా పర్వాలేదు, నొప్పుల్లో మాటలు తడబడతాయేమోనని భయం.

జవాబు: ప్రసూతి వార్డులో నర్సుని

అమ్మా, భాష సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది ఇప్పుడే చెయ్యాలి. చాలా దేశాల్లో ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేస్తాయి, మనిషి రాలేకపోతే ఫోన్‌లోనో వీడియోలోనో. చెకప్‌లో అడిగి ఫైల్లో "తెలుగు" అని స్పష్టంగా రాయించండి. ఇండియన్ అని మాత్రమే రాస్తే హిందీ వాళ్లని పిలిచే అవకాశం ఉంది. భర్త చేత అనువాదం చేయించడం మాకు పెద్దగా ఇష్టముండదు. ఆయనా టెన్షన్‌లో ఉంటారు, సగం మింగేస్తారు. సంతకం పెట్టే కాగితం వచ్చినప్పుడైతే దుబాసీని అడగడానికి అసలు మొహమాటపడొద్దు.

ఆపరేషన్ అయితే వార్డులో ఒకటి రెండు రోజులు ఎక్కువ ఉంటారు కాబట్టి ఇంకో జత నైటీలు పడతాయి. ప్యాంటులు, పైజమాలు వద్దు, నడుము ఎలాస్టిక్ సరిగ్గా కుట్టు మీదే పడుతుంది. వంగకుండా తొడుక్కునే చెప్పులు తెచ్చుకోండి. గోళ్ల రంగు, జెల్ ముందే తీసేయించుకోండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పుకి అడ్డం. తేదీ ముందే ఇచ్చి ఉంటే ఆ వారంలో కింద షేవింగ్, వ్యాక్సింగ్ చేసుకోవద్దు. చిన్న గాట్ల వల్ల ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఉమ్మనీరు పోతే టైము, రంగు చూసుకుని ఫోన్ చెయ్యండి. ఆకుపచ్చగా గానీ గోధుమ రంగులో గానీ ఉన్నా, రక్తం పడినా, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా బ్యాగ్ సంగతి వదిలేసి వెంటనే ఫోన్ చేసి బయల్దేరండి. బ్యాగ్ తర్వాత ఎవరైనా తెస్తారు. కాన్పయ్యాక కూడా ఒక ప్యాడ్ గంటలోపే పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద రక్తపు గడ్డలు పడినా అప్పటికప్పుడు చెప్పాలి, "కాన్పన్నాక మామూలేలే" అని ఊరుకోకూడదు.

జవాబు: ఒక నాన్న

ఇది చెల్లెమ్మ వాళ్లాయనకి. తమ్ముడూ, నీక్కూడా ఒక చిన్న సంచి కావాలి. మార్చుకోవడానికి చొక్కా, బ్రష్షు, నీ మందులు, తిండి, పవర్ బ్యాంకు. మొదటి కాన్పు చాలా గంటలు పట్టొచ్చు, నువ్వు ఆకలితో కళ్లు తిరిగి పడితే అక్కడ చూసేవాళ్లు ఉండరు. బిడ్డని ఛాతీకి ఆనించుకోమని నీకూ ఇస్తారు, కాబట్టి ముందు గుండీలున్న చొక్కా వేసుకో. ఇంటికి ఫోన్లు చేసే పని ఒక్కరికే అప్పజెప్పు, మిగతావాళ్లకి వాళ్లే చెబుతారు. లేదంటే లేబర్ రూమ్‌లో నీ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

కారు సీటు బ్యాగ్‌లో పట్టదు కాబట్టి జాబితాల్లో కింద ఎక్కడో ఉంటుంది, కానీ చాలా దేశాల్లో అది లేకుండా బిడ్డని కారులో తీసుకెళ్లడం నేరం. వెనక్కి తిరిగి ఉండే రకం కావాలి. ప్రమాదంలో పడిందో లేదో తెలియని పాత సీటు ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఇప్పుడే బిగించి, విప్పి, మళ్లీ బిగించి చూడు. చలిదేశమైనా మందపాటి కోటు తొడిగి బెల్టు పెట్టకూడదు. గుద్దుకున్నప్పుడు కోటు నలిగి బెల్టు వదులైపోతుంది. పల్చని బట్టలతో బెల్టు బిగించి, దాని పైన దుప్పటి కప్పాలి.

ఆఖరుగా, బయల్దేరే ముందు ఫోన్ చేసే నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. రాత్రిపూట మెయిన్ గేటు మూసేసి వేరే తలుపు నుంచి రమ్మనే ఆసుపత్రులు చాలా ఉన్నాయి. మీది ఏ తలుపో, కారు ఎక్కడ ఆపాలో వచ్చే చెకప్‌కి వెళ్లినప్పుడే చూసి రండి.