అమ్మమ్మ చేత ఉప్పెన కథ ఎలా చెప్పించాలి?

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో రాత్రంతా తాటిచెట్టు పట్టుకుని బతికింది. ఇప్పుడు ఎనభై దాటాయి. చింతపండు గింజలు తీస్తూనో, బియ్యం ఏరుతూనో తనంతట తానే ఒక్కో ముక్క చెబుతుంది. నోట్లోకి ఉప్పునీళ్లు పోయాయని, తెల్లారేసరికి ఒంటిమీద గుడ్డ లేకపోతే ఎవరో గోనెసంచి ఇచ్చారని. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టగానే మాత్రం "ఏముందమ్మా, అందరికీ వచ్చిన కష్టమేగా" అని ఆపేస్తుంది.

ఆ రాత్రి పోయిన మా పెద్ద మామయ్య ప్రస్తావన వస్తే అసలు మాట్లాడదు. అక్కడితో వదిలేయాలా, ఇంకోరోజు మెల్లగా అడగాలా? నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇదే.

ఆమె మాటలు నేను రాస్తే పేపర్లో వార్తలా తయారవుతున్నాయి. ఆ యాస, మధ్యమధ్య ఆ మౌనం కాగితం మీదకి ఎలా తేవాలి? మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత ఇలా చెప్పించినవాళ్లుంటే, మొదట ఏం అడిగారో, ఫోన్ ఎక్కడ పెట్టారో చెప్పండి. తెలియకుండా రికార్డు చేసేయమని కొందరన్నారు, దానికి నా మనసొప్పడం లేదు. మా వీధిలో ఆ ఉప్పెన చూసినవాళ్లు ఇంకా నలుగురున్నారు. అమ్మమ్మ తర్వాత వాళ్ల దగ్గరికీ వెళ్లాలని ఉంది.