లూసీన్ సెర్చ్ ఫలితాల్లో ఫీల్డు విలువ నల్ వస్తోంది: ఇండెక్స్‌లోనే దాచాలా, డేటాబేస్‌కి వెళ్లాలా?

గోదారిగట్టు: మా ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితాకి లూసీన్ 9.8 (జావా సెర్చ్ లైబ్రరీ)తో సెర్చ్ రాస్తున్నాను. సారాంశం ఫీల్డులో పదం వెతికితే సరైన పుస్తకాలే వస్తున్నాయి. తీరా ఆ డాక్యుమెంటు తీసుకుని సారాంశం అడిగితే నల్, అంటే ఖాళీ. ప్రచురణ ఏడాదిని ఇంట్‌పాయింట్ అనే నంబరు ఫీల్డుగా పెట్టాను, దానికీ నల్లే. పుస్తకం పేరు మాత్రం వస్తోంది. వెతికితే దొరికేది చదవబోతే ఎందుకు లేదు?

బిట్టు_బెజవాడ: సారాంశానికి స్టోర్ నో (అసలు విలువ దాచొద్దు) అని ఉండుంటుంది, యెస్ చేయండి. ఇంట్‌పాయింట్ వెతకడానికే, విలువని దాచదు. అదే పేరుతో స్టోర్డ్‌ఫీల్డ్ ఇంకోటి జతచేయాలి. తర్వాత మొత్తం మళ్లీ ఇండెక్స్ చేయాల్సిందే, పాత డాక్యుమెంట్లకి ఇది వర్తించదు.

శ్రీశైలంగేటు: యెస్ పెట్టేయమని అంత తేలిగ్గా చెప్పకండి. ఏ పదం ఏ పుస్తకంలో ఉందో చెప్పడం ఇండెక్స్ పని, అంతవరకే. ఐడీ ఒక్కటి స్టోర్ చేసి, పేజీలో కనిపించే పది ఐడీలతో డేటాబేస్‌ని ఒకే క్వెరీలో అడగండి. సారాంశాలు రెండు చోట్ల ఉంటే ఒకచోట దిద్దినది రెండోచోట పాతగానే మిగులుతుంది, దాన్ని ముందు చూసేది యూజరు.

పాతకాపు: మరి హైలైట్? పదం చుట్టూ రెండు లైన్లు చూపించాలంటే అసలు పాఠం చేతిలో ఉండాలి. సైజుకి భయపడక్కర్లేదు, లూసీన్ 4.1 నుంచి స్టోర్డ్ ఫీల్డులు కంప్రెస్ అయ్యే ఉంటాయి. మామూలుగా ఎల్‌జెడ్4 పద్ధతి, ఇంకా తగ్గాలంటే 5.0 నుంచి డిఫ్లేట్ ఉంది.

శ్రీశైలంగేటు: డేటాబేస్ నుంచి తెచ్చిన పాఠాన్నే హైలైటర్‌కి ఇవ్వొచ్చు. కంప్రెషన్ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా, స్టోర్డ్ ఫీల్డులుండే ఎఫ్‌డీటీ ఫైల్లో డాక్యుమెంట్లు బ్లాకులుగా కలిసి ఉంటాయి కదా? ఏడాది ఒక్కటే చాలని ఫీల్డు పేర్లు ఇచ్చినా బ్లాకుని విప్పక తప్పదు. పక్కన పెద్ద సారాంశాలు ఉంటే వాటి బరువూ మోయాలి.

పాతకాపు: పది ఫలితాలకండీ. పది. వేలకొద్దీ తీసేవాళ్ల కష్టం ఈయన నెత్తిన ఎందుకు పెడతారు?

హన్మకొండ_జావా: వేలు కావాలంటే డాక్ వాల్యూస్ ఉన్నాయిగా, ఫీల్డు వారీగా విడివిడిగా ఉంటాయి. ఏడాదికి అది సరిపోతుంది.

పాతకాపు: ఏడాదికి సరే. రచయితల పేర్లు డాక్ వాల్యూస్‌లోనే సార్టెడ్‌సెట్ రకంలో పెడితే పుస్తకం మీద ఉన్న వరస పోయి అక్షరక్రమంలో తిరిగొస్తాయి. మొదటి రచయిత మూడో పేరైపోతే లైబ్రేరియన్ ఒప్పుకుంటారా?

శ్రీశైలంగేటు: బ్లాకు సంగతికి జవాబు రాలేదు.

పాతకాపు: ఎన్నిసార్లు చెప్పాలి! నేను ఇదివరకు పనిచేసిన చోట మీరు చెప్పినట్టే ఐడీలు మాత్రమే ఉంచాం. డేటాబేస్ వాళ్లు పాత రికార్డులు తీసేశారు, మాకు ఒక్క మాట చెప్పలేదు. ఫలితాల పేజీలో ఖాళీ గడులు, ఫోన్లు మాకు. ఎనలైజర్ (పాఠాన్ని పదాలుగా విడగొట్టేది) మార్చి మళ్లీ ఇండెక్స్ చేద్దామంటే అసలు పాఠమే లేదు. ఆ రాత్రుల టెన్షన్ నాకు తెలుసు, మీకు తెలియదు.

శ్రీశైలంగేటు: నాకు తెలిసింది కూడా వినండి. ఒక కస్టమర్ తన వివరాలు తీసేయమన్నారు, డేటాబేస్‌లో తీసేశాం. ఇండెక్స్‌లో ఆమె చిరునామా స్టోర్ అయి ఉందని సెర్చ్ టీమ్ ఎవరికీ చెప్పలేదు. అది ఫలితాల్లో కనిపిస్తూనే ఉంది. ఇండెక్స్‌లో డిలీట్ చేశాక కూడా సెగ్మెంట్లు (ఇండెక్స్ ముక్కలు) మెర్జ్ అయ్యేదాకా ఆ బైట్లు డిస్క్ మీదే ఉంటాయి. ఆమెకి ఏమని చెప్పాలి?

పాతకాపు: అంటే మీ గొడవ బ్లాకులతో కాదు. సెర్చ్ టీమ్ చేతిలో డేటా ఉండకూడదు, అంతేగా.

శ్రీశైలంగేటు: అవును, అదే. ఇండెక్స్ ఎప్పుడైనా పారేసి మళ్లీ కట్టుకోగలిగేదై ఉండాలి. అసలు కాపీ ఒకే చోట, ఒకే టీమ్ బాధ్యతలో ఉండాలి. మీకేమో డేటాబేస్ వాళ్లంటే నమ్మకం లేదు.

పాతకాపు: లేదు. నమ్మి నష్టపోయాను. ఫలితాల పేజీకి తిట్లు తినేది నేనైనప్పుడు అందులో కనిపించేది నా దగ్గర ఉండాలి.

గోదారిగట్టు: చిన్న మాట. మా దగ్గర డేటాబేసే లేదు. శాఖల నుంచి ఎక్సెల్ షీట్లు వస్తాయి, చదివి నేరుగా ఇండెక్స్‌లో వేస్తున్నాను. షీట్లు కొన్ని మాత్రమే ఉంచాను.

శ్రీశైలంగేటు: అయితే ముందు ఆ షీట్లన్నీ మళ్లీ తెప్పించుకుని ఒక టేబుల్‌లో పెట్టండి, చిన్న ఎస్‌క్యూలైట్ ఫైలైనా చాలు. ఇండెక్స్ తర్వాత చూద్దాం.

పాతకాపు: టేబుల్ పెట్టుకోండి, కాదనను. సారాంశానికి యెస్ కూడా పెట్టండి.

బిట్టు_బెజవాడ: అన్నా, డాక్యుమెంటుని సెర్చర్.డాక్‌తో తీస్తున్నారా? 9.5 నుంచి అది వద్దంటున్నారు, 10లో తీసేశారు. సెర్చర్.స్టోర్డ్‌ఫీల్డ్స్ పిలిచి దాని మీద డాక్యుమెంట్ అడగండి. ఇంకోటి, ఒక్కో ఫలితానికి స్కోర్‌డాక్‌లో వచ్చే డాక్యుమెంటు నంబరుని పుస్తకం ఐడీ అనుకుని ఎక్కడా దాచుకోకండి, మెర్జ్ అయితే మారిపోతుంది.

గోదారిగట్టు: దాన్నే పుస్తకం లింకులో పెట్టాను. ఇప్పుడే మారుస్తున్నాను.