మొదటి రోజు నుంచే పన్నెండు టెన్సుల పట్టిక పెట్టాలా, వద్దా?

సాయంత్రం_క్లాసు (కడప):

మేమిద్దరం కలిసి ఎర్రముక్కపల్లి వైపు ఒక గదిలో సాయంత్రాలు ఇంగ్లీషు చెప్తున్నాం. ఫీజు లేదు. వచ్చేది బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, తెలుగు మీడియంలో డిగ్రీ అయిపోయి ఇంటర్వ్యూ అంటే వణికేవాళ్లు, కువైట్ వీసా కోసం చూస్తున్న ఒకరిద్దరు. అక్షరాలు వచ్చు, షాపు బోర్డులు కూడబలుక్కుని చదువుతారు. వాక్యం మాత్రం కట్టలేరు.

నాతో పాటు చెప్పే సార్ రిటైరైన హెడ్మాస్టరు. ఆయన మొదటి వారమే బోర్డు మీద గళ్లు గీస్తారు. ప్రెజెంట్, పాస్ట్, ఫ్యూచర్ మూడు వరసలు, ఒక్కోదానికి సింపుల్, కంటిన్యూయస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యూయస్. పన్నెండూ నోటికి రావాలి. వస్తున్నాయి కూడా! 'ఐ షల్ హావ్ బీన్ గోయింగ్' దాకా గడగడా అప్పజెప్పే అమ్మాయిని 'మీ ఇంట్లో ఎంతమంది?' అని ఇంగ్లీషులో అడిగితే నా మొహం చూస్తుంది.

మొదటి మూడు నెలలు పట్టిక జోలికి పోవద్దని నేనంటాను. పట్టిక లేకపోతే ఏ మాట ఎక్కడ పెట్టాలో తెలీక అల్లాడతారని ఆయనంటారు. కొత్తవాళ్లకు చెప్పినవాళ్లు మీ అభిప్రాయం రాయండి. 'రెండూ ఉండాలి' అని మాత్రం రాయొద్దు. ఏది ముందు, ఎంతవరకు అన్నదే నా ప్రశ్న.

అనంత_పంతులు (అనంతపురం):

నా ఓటు హెడ్మాస్టరు గారికే. వింటూ ఉంటే భాష అదే వస్తుందన్న మాట క్రాషెన్ అనే ఆయన 1980ల్లో బాగా ప్రచారం చేశాడు. అర్థమయ్యే మాటలు చెవిన పడుతూ ఉంటే వ్యాకరణం దానంతటదే కుదురుకుంటుందట. సరే, చెవిన పడాలి కదా? కడప ఏడు రోడ్ల దగ్గర పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడండి, ఎన్ని ఇంగ్లీషు వాక్యాలు వినబడతాయో చూద్దాం. రోజుకు గంట క్లాసు, ఇంటికి పోతే మళ్లీ తెలుగే. అలాంటివాళ్లకు నియమం చెప్పకపోవడమంటే ఊరు తెలియనివాడికి దారి కూడా చెప్పనట్టే.

2000లో నోరిస్, ఒర్టేగా అనే ఇద్దరు అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టారు. నియమాన్ని విడమరిచి చెప్పిన క్లాసులే మెరుగని తేలింది. పైగా మీవాళ్లు పెద్దవాళ్లు, 'ఎందుకు సార్?' అని అడుగుతారు. చిన్నపిల్లల్లా పాటలు పాడించి పంపలేరు.

మీ ఊళ్లోనే ఉంది కదా బ్రౌన్ లైబ్రరీ. ఆ దొర తెలుగు వ్యాకరణం రాసింది ఊరికేనా? వ్యాకరణం లేకుండా పరాయి భాష పట్టుబడదని తెలిసే.

కువైట్_డ్రైవర్ (రాయచోటి):

సార్లకు నమస్కారం. నేను కువైట్లో బండి తోలి వచ్చినా. ఆడ నన్ను టెన్సులు ఎవురూ అడగల్యా. నేను పనిచేసిన ఇంట్లో మాట్లాడేది అరబ్బీ. బయట ఫిలిప్పీనోళ్లు, శ్రీలంకోళ్లు, బంగ్లాదేశోళ్లు, అందరిదీ తలా ఒక ఇంగ్లీషు. 'యు గో, ఐ కమ్' అంటే పనైపోతాండె. తప్పని ఎవురూ నగల్యా. మనోళ్లకు లేంది గ్రామరు కాదు సార్, ధైర్యం. ముందు నోరు తెరిపీండి.

అనంత_పంతులు:

అన్నా, 'మై బాస్ గివ్ సాలరీ' అని ఎవరికైనా మెసేజ్ పెట్టావనుకో. ఇచ్చాడనా? ఇస్తాడనా? నెలనెలా ఇస్తుంటాడనా? జీతం దగ్గర కాలం తేడా వస్తే నష్టం నీకే కదా.

కువైట్_డ్రైవర్:

'నో గివ్, టూ మంత్' అంటాం సార్. అర్థం కాదా?

బురుజు_నీడ (కర్నూలు):

డ్రైవర్ అన్న నవ్వులాటకు అన్నారో లేదో గానీ, కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసేది అదే. కాలాన్ని మొదట క్రియతో చెప్పరు. 'యెస్టర్డే', 'టుమారో', 'టూ మంత్' లాంటి మాటలతో చెప్తారు. క్రియ రూపాలు తర్వాత మెల్లగా వస్తాయి. ఆ రావడంలోనూ ఒక వరస ఉంది. 1973లో రోజర్ బ్రౌన్ (కడప బ్రౌన్ దొర కాదు, అమెరికాలో హార్వర్డ్ ప్రొఫెసర్) ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లల మాటలు రాసుకుని చూస్తే, 'గోయింగ్'లో ఉన్న 'ఇంగ్' తొందరగా వచ్చింది, 'హి గోస్'లో ఉన్న 'స్' బాగా ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లీషు పరాయి భాషగా నేర్చుకునేవాళ్లలోనూ ఆ 'స్' వెనకబడే ఉంటుందని తర్వాత చూసినవాళ్లు చెప్పారు. వరస అచ్చం ఒకటే కాదనుకోండి. మనం మాత్రం ఆ 'స్'ను మొదటి వారమే చెప్పి, రెండో వారం రాలేదని తిడతాం.

పంతులు గారు చెప్పిన 2000 నాటి లెక్క నిజమే. కానీ అందులో కలిపిన పరిశోధనల్లో చాలావాటికి పెట్టిన పరీక్షలే గ్రామర్ పరీక్షలు, ఖాళీలు పూరించడం లాంటివి. ఆ సంగతి ఆ ఇద్దరే రాశారు. గ్రామర్ చెప్పి గ్రామర్ అడిగితే మార్కులు రాక ఏమవుతాయి?

అనంతపురానికి పక్కనే జరిగిన ప్రయోగం ఒకటుంది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన బెంగుళూరు, మద్రాసు వైపు మామూలు బళ్లలో గ్రామర్ పాఠం తీసేసి క్లాసులు నడిపించారు. రైళ్ల టైంటేబుల్ చూసి ఏ బండి ఎక్కాలో చెప్పడం, పటంలో దారి వెతకడం, ఇట్లాంటి పనులే పాఠం. చివర్న బయటివాళ్లు వచ్చి పరీక్షలు పెట్టారు. వ్యాకరణం అడిగే పరీక్షలో మామూలు క్లాసులు మెరుగు, పని చేయించే పరీక్షలో ప్రభు క్లాసులు మెరుగు. ఎవరికి నచ్చిన సగం వాళ్లు పట్టుకున్నారు, మన రాజకీయాల్లాగే.

ఇక పట్టిక మీద నా అసలు ఫిర్యాదు. అది ఎక్కువై కాదు, కావలసింది అందులో లేక. పన్నెండు గళ్లలో ఒక్క ప్రశ్న ఉందా? ఒక్క 'కాదు', 'లేదు' ఉందా? మనం రోజూ మాట్లాడేదాంట్లో సగం అవే. తెలుగులో ప్రశ్న వేయాలంటే చివర దీర్ఘం తీస్తే చాలు, వస్తాడు, వస్తాడా. ఇంగ్లీషులో ఎక్కడి నుంచో 'డజ్' పట్టుకొచ్చి ముందు పెట్టాలి, పెట్టగానే 'కమ్స్'లో ఉన్న 'స్' ఊడిపోవాలి. మనవాళ్లు 'హి ఈజ్ కమ్?' అనేది, 'వేర్ యు ఆర్ గోయింగ్?' అనేది ఇక్కడే. నన్నడిగితే మొదటి నెలంతా ప్రశ్నలూ జవాబులే చేయిస్తా.

తెలుగు మనల్ని ఎటు లాగుతుందో చూసి, అక్కడ మాత్రం సాధన పెట్టాలి. 'రోజూ ఆరింటికి లేస్తాను', 'రేపు ఆరింటికి లేస్తాను'. మనకు రెండు చోట్లా 'లేస్తాను' ఒక్కటే. అందుకే 'డైలీ ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్' అంటారు. అమ్మాయికి టెన్సు రాక కాదు, ఆమె తెలుగు బాగుండబట్టే ఆ తప్పు వచ్చింది! 'మా నాయన మేస్త్రీ' అంటే మనకు క్రియే అక్కర్లేదు, ఇంగ్లీషులో 'ఈజ్' లేకపోతే వాక్యం నిలబడదు. 'నాకిద్దరన్నలు' అనే చోట ఇంగ్లీషువాడు 'హావ్' అంటాడు. ప్రశ్నలతో కలిపి ఈ నాలుగూ పలికించండి, రాయించండి, మళ్లీ పలికించండి. 'ఎ', 'ద' సంగతి వదిలేయండి. అవి లేకుండా మాట్లాడితే ఎవరికీ ఏమీ కాదు. నా కొలీగ్స్ ఇది చదివితే కొడతారు.

స్పోకెన్_సెంటర్ (కర్నూలు):

క్లాసులో తెలుగు మాట్లాడనిస్తే ఎవరికీ ఏదీ రాదు. మా దగ్గర తెలుగు మాటకు పది రూపాయలు ఫైన్. రిజల్ట్ మా స్టూడెంట్లను అడగండి.

తాడిపత్రి_అక్క:

ఫైన్ వేస్తే పిల్లలు ఇంగ్లీషు మాట్లాడరు అన్నా, మాట్లాడడమే మానేస్తారు. నేను ప్రైమరీ స్కూలు టీచర్ని. ఇప్పుడు మా సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆ పుస్తకం పట్టుకుని పిల్లలతో పాటు తల్లులు కూడా నేర్చుకుంటున్నారు. తెలుగును గది బయట చెప్పులతో పాటు వదిలి రమ్మంటే ఎట్ల?

బురుజు_నీడ గారు చెప్పిందాన్ని నేను ఇంకొంచెం ముందుకు తీసుకుపోతా. అందరూ ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే భూతం చూసినట్టు చూస్తారు. మన సీమ మాటలో అది ఎప్పుడో ఉంది! 'మా నాయన యాడికి పోయినాడు?' అంటే ఎప్పుడో పోయిన మాట కూడా కావచ్చు. 'మా నాయన గుత్తికి పోయిండాడు' అంటే పోయినాడు, ఇంకా రాలేదు, ఇప్పుడు ఇంట్లో లేడు. ఇంగ్లీషులో 'హి హాజ్ గాన్ టు గుత్తి' అంటే సరిగ్గా అదే. 'నిన్న పోయినాడు' అంటే 'హి వెంట్ యెస్టర్డే'. 'నిన్న పోయిండాడు' అంటే మనకే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అట్లే ఇంగ్లీషువాళ్లకు 'హాజ్ గాన్ యెస్టర్డే' ఎబ్బెట్టు. పుస్తకాల తెలుగులో 'వెళ్లాడు', 'వెళ్లి ఉన్నాడు' అని చెప్తే పిల్లలకు ఎక్కదు. 'వచ్చిండాడు', 'తినిండాడు', 'చూసిండాను' అని వాళ్ల నోట్లో ఉన్నదే తీసి చూపిస్తే అరగంటలో పట్టుకుంటారు. ప్రతి వాక్యానికీ అతకదు, 'నేను ఇక్కడ పదేండ్ల నుంచి ఉండా' దగ్గర తప్పిపోతుంది, ఆడ ఇంగ్లీషులో 'హావ్ బీన్' అనాల. మొదలుపెట్టడానికి మాత్రం ఇంతకంటే మంచి మెట్టు లేదు.

మన మాట మోటు అని ఇన్నాళ్లూ బడిలో దిద్దిందీ మేమే. ఆ సంగతి ఇంకోసారి.

సాయంత్రం_క్లాసు:

అక్కా, ఇది బంగారం. రేపే చెప్తా.

పంతులు గారూ, బ్రౌన్ పేరు ఎత్తారు కాబట్టి. ఆయన 1817లో మద్రాసులో దిగి పండితుల దగ్గర తెలుగు మొదలుపెట్టాడు, 1820లో కడపకొచ్చాడు. వేమన పద్యాలు అచ్చేసింది 1829లో. వ్యాకరణం అచ్చయింది 1840లో. అంటే కచేరీలో, ఊళ్లలో, పండితులతో ఏండ్లతరబడి తెలుగు విన్నాకనే కదా నియమాలు రాసుకున్నాడు? నా పక్కకే వస్తాడు ఆ దొర.

అనంత_పంతులు:

రాడు. మద్రాసు కాలేజీలో పండితులు ఆయనకు మొదటి రోజు కబుర్లు చెప్పి ఉంటారా? వ్యాకరణమే చెప్పి ఉంటారు. పైగా ఆ పుస్తకం రాసింది తనకోసం కాదు, తన తర్వాత వచ్చే ఇంగ్లీషువాళ్లు తొందరగా నేర్చుకోవాలని. తాను పడిన ఆలస్యం వాళ్లు పడకూడదనే కదా?

ప్రశ్నలు పట్టికలో లేవన్న మాట ఒప్పుకుంటా. అయితే పట్టికకు ఇంకో రెండు వరసలు కలపండి, చింపేయడమెందుకు? తాడిపత్రి మేడమ్ చెప్పింది కూడా గ్రామర్ పాఠమే, పేరు మార్చారంతే.

పోటీ_పరీక్షలు (నంద్యాల రోడ్డు, కర్నూలు):

అందరూ పెద్దపెద్ద మాటలు చెప్తున్నారు. నేను రాసే పరీక్షల్లో వాయిస్ మార్చమంటారు, తప్పు ఉన్న ముక్క పట్టమంటారు. 'పోయిండాడు' అని రాస్తే మార్కు వేస్తారా? మాకు పన్నెండూ కావల్ల. ఇంకా ఉంటే అవీ కావల్ల.

బురుజు_నీడ:

మీకు కావాలి తమ్ముడూ, మీరు కొత్తవాళ్లు కారు. ఇక్కడ అడుగుతున్నది వాక్యం కట్టలేనివాళ్ల గురించి. షాపులో అమ్మాయికి 'వాట్ సైజ్ డు యు వాంట్?' వస్తే జీతంలో తేడా వస్తుంది. 'షల్ హావ్ బీన్' వస్తే రాదు. అసలు ఆ గడిని ఇంగ్లీషువాళ్లు కూడా ఎప్పుడో గానీ వాడరు.

సాయంత్రం_క్లాసు:

ఇంకోటి అడగాలి, అసలు గొడవ ఇక్కడే ముదిరింది. అమ్మాయి 'మై సిస్టర్ గో కాలేజ్' అంటుంది. సార్ వెంటనే ఆపి 'గోస్!' అంటారు. ఆ అమ్మాయి ఇక ఆ రోజు నోరెత్తదు. నేనైతే 'ఓహో, షి గోస్ టు కాలేజ్? విచ్ కాలేజ్?' అని సరిచేసి ముందుకు పోతా.

అనంత_పంతులు:

మీరు సరిచేశారని ఆమెకు తెలిసిందా? కాలేజీ పేరు చెప్పి కూర్చుంటుంది. కెనడాలో ఫ్రెంచి క్లాసులు చూసి లిస్టర్, రాంటా అనే ఇద్దరు 1997లో రాశారు. టీచర్లు ఎక్కువగా చేసేది మీరు చేసిందే, పిల్లలు తక్కువగా పట్టించుకునేదీ అదే. 'షి...?' అని ఆగి, ఆమె చేతే చెప్పించినప్పుడు ఎక్కువమంది తమంతట తామే దిద్దుకున్నారట.

బురుజు_నీడ:

ఇక్కడ పంతులు గారితోనే నేను. కాకపోతే 'స్' కోసం ఆపొద్దు, అది ఎలాగూ ఆలస్యంగా వస్తుంది. 'డైలీ ఐ విల్ గెటప్' అన్నప్పుడు ఆపండి. అక్కడ అర్థమే మారిపోతోంది.

సాయంత్రం_క్లాసు:

'స్' కోసం ఆపొద్దంటే మా సార్ ఒప్పుకోరు మేడమ్. ఆయనకు ఇదంతా చూపించా. 'అయితే ఎప్పుడు ఆపాలో తేదీ చెప్పమను' అన్నారు.

అనంత_పంతులు:

న్యాయమైన ప్రశ్న. చెప్పండి మేడమ్.

బురుజు_నీడ:

తేదీ లేదు. ఒక్కోసారి అయినా తనంతట తాను 'గోస్' అనడం మొదలైతే, అప్పటి నుంచి. అంతకుముందు ఆపితే సార్ గొంతు నొప్పి, అంతే.

కువైట్_డ్రైవర్:

మా మరదలు కువైట్ పోవల్లని ఉండాది. క్లాసు ఎన్ని గంటలకు అన్నా? ఫైన్ లేదు కదా ఆడ?